వుజూ నీరు క్రీముకు సరిపోతుందా?

జుమా రోజున గుస్ల్ చేయడం, మిస్వాక్ వాడటం, ఉన్నంతలో మంచి దుస్తులు ధరించడం, సువాసన పూసుకోవడం దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) వారి సంప్రదాయం. గోదావరిఖని క్వార్టర్లలోనైనా, రామగిరి మండలంలోని సెంటినరీ కాలనీలోనైనా శుక్రవారం ఉదయం ముస్లిం ఇళ్లలో కనిపించే సందడి ఇదే. ఒకప్పుడు ఈ అలంకరణకు చిన్న అత్తరు సీసా, సుర్మాదానీ ఉంటే చాలు. ఇప్పుడు స్నానాల గది అరమీద షాంపూ, ముఖానికి క్రీము, పసిపిల్లల లోషను, పన్నీరు స్ప్రే, తలకు జెల్, ఇలా బారులు తీరి ఉంటాయి.

వీటిని కొనేముందు మనవాళ్లు అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఇందులో ఆల్కహాలు కలిసిందా? పంది కొవ్వు ఉందా? గ్లిజరిన్ దేని నుంచి తీశారు? ఇవి అడగవలసిన ప్రశ్నలే. ఇండోనేషియా ప్రభుత్వం 2014లో హలాల్ ఉత్పత్తుల చట్టమే తెచ్చింది. అక్కడ సౌందర్య సాధనాలకు హలాల్ ధ్రువపత్రం పొందడానికి 2026 అక్టోబరు 17ను గడువుగా నిర్ణయించారు. అయితే సీసాలో అన్నిటికంటే ఎక్కువగా ఉండే పదార్థం గురించి అడిగేవారు మాత్రం అరుదు. ఆ పదార్థం నీరు.

నమ్మకం కుదరకపోతే ఇంట్లో ఉన్న షాంపూ సీసా వెనక్కి తిప్పి చూడండి. పదార్థాలను ఎక్కువ మోతాదు నుంచి తక్కువ మోతాదుకు వరుసగా రాయాలన్నది నియమం. చాలా సీసాల మీద మొదటి మాట ‘ఆక్వా’ అని ఉంటుంది. అంటే నీరే. ఎన్నో షాంపూలలో ముప్పాతిక వంతు, లోషన్లలో సగానికి పైగా ఉండేది నీరే. మనం డబ్బు పోసి కొంటున్నది చాలావరకు నీటినే అన్నమాట. మరి ఆ నీరు ఎలాంటిది?

ఈ ప్రశ్న మనకు కొత్తదేమీ కాదు. నీటిలో రకాలున్నాయని మదర్సాలో మొదటి పాఠాలు చదివిన పిల్లవాడికి కూడా తెలుసు. తాను శుద్ధంగా ఉండి ఇతర వస్తువులను కూడా శుద్ధి చేయగలిగేది ‘తహూర్’ నీరు. వర్షపు నీరు, బావి నీరు, నది నీరు, సముద్రపు నీరు ఈ కోవలోకి వస్తాయి. ఆకాశం నుంచి పరిశుద్ధమైన నీటిని కురిపించిన అనుగ్రహాన్ని దివ్యఖుర్ఆన్ ఫుర్ఖాన్ సూరాలో గుర్తుచేస్తుంది. తాను శుద్ధమే అయినా ఇతరులను శుద్ధి చేయడానికి పనికిరానిది ‘తాహిర్’. దీనికి పన్నీరే మంచి ఉదాహరణ. ఒంటిమీద చల్లుకోవచ్చు, షర్బత్‌లో కలుపుకుని తాగవచ్చు, దానితో వుజూ మాత్రం కాదని అత్యధిక ఉలమా అభిప్రాయం. ఇక మాలిన్యం కలిసి రంగో, రుచో, వాసనో మారిపోయిన నీరు ‘నజిస్’. అంటే అన్ని నీళ్లూ అన్ని పనులకూ పనికిరావన్న మాట మన ఫిఖహ్‌లోనే ఉంది. తాగే నీరు వేరు, క్రీములో కలిపే నీరు వేరు అని సౌందర్య సాధనాల ఫ్యాక్టరీ అంటే మనకు వింతగా తోచవలసిన పని లేదు.

వింత మరొకచోట ఉంది. వుజూకు నిక్షేపంగా పనికొచ్చే నీరు కూడా క్రీముకు పనికిరాకపోవచ్చు. అదెలాగో తెలియాలంటే ముందు మన కోల్‌బెల్టు నీళ్ల సంగతి చెప్పుకోవాలి.

ఉప్పునీళ్లు, సబ్బు నురుగు

బోరు నీళ్లతో బట్టలుతికే ప్రతి ఇల్లాలికీ ఈ బాధ తెలుసు. సబ్బు ఎంత రుద్దినా నురుగు రాదు. బకెట్టు అంచున తెల్లగా మడ్డి కడుతుంది. నీళ్లు కాచే గిన్నె అడుగున సున్నంలాంటి పొర పేరుకుంటుంది. నీటిలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలే ఇందుకు కారణం. సబ్బు ముందు వాటితో కలిసి మడ్డిగా మారుతుంది, మిగిలింది మాత్రమే నురుగుకు వస్తుంది. భారత ప్రమాణాల సంస్థ తాగునీటికి 2012లో సవరించిన ప్రమాణంలో ఈ కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకపోతే మంచిదన్నారు. వేరే నీటి వనరు లేనప్పుడు 600 వరకు అనుమతించారు. ఇక గనుల్లోంచి పంపులతో తోడి పోసే నీరు బొగ్గు పొరల మధ్య నిలిచి వచ్చేది కనుక అందులో లవణాలు, సల్ఫేట్లు ఎక్కువగా ఉండటం సాధారణం. వడపోసి, శుద్ధి చేసిన తర్వాతే అది ఇళ్లకు పనికొస్తుంది.

లీటరుకు 300 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉన్న నీటిని మనిషి తాగవచ్చు. దానితో వుజూ చేయడానికి ఏ అభ్యంతరమూ లేదు. కానీ అదే నీటితో షాంపూ చేస్తే మబ్బు పట్టినట్టు అవుతుంది. జెల్ చేస్తే చిక్కదనం నిలవదు, పల్చబడిపోతుంది. అందులో ఇనుము కాస్త ఉంటే చాలు, క్రీములోని నూనెలు త్వరగా చెడి ముక్క వాసన వేస్తాయి, రంగు మారుతుంది. అందుకే ఫ్యాక్టరీలో ముందు నీటిలోని లవణాలు తీసేస్తారు.

లవణాలు తీసేసే విద్య మన ప్రాంతానికి బాగా తెలిసినదే. 1978లో శంకుస్థాపన జరిగి, 1983 నుంచి కరెంటు ఇస్తున్న రామగుండం ఎన్.టి.పి.సి. కేంద్రంలో పనిచేసినవారిని అడగండి, ‘డి.ఎం. ప్లాంటు’ అంటే ఏమిటో చెబుతారు. బాయిలరులోకి వెళ్లే నీటిలో సిలికా గానీ, లవణం గానీ మిగిలితే అది గొట్టాలలోను, టర్బైను రెక్కల మీద పేరుకుని కొంప ముంచుతుంది. అందుకని నీటిని రెజిన్ అనే చిన్న చిన్న పూసల గుండా పంపుతారు. ఒక రకం పూసలు కాల్షియం, సోడియం వంటివాటిని పట్టుకుంటాయి. ఇంకో రకం క్లోరైడ్, సల్ఫేట్, సిలికాలను పట్టుకుంటాయి. చివరికి మిగిలేది దాదాపు నీరు మాత్రమే. సౌందర్య సాధనాల ఫ్యాక్టరీలలో కూడా ఇదే రెజిన్ పద్ధతి గానీ, ఆర్.ఓ. గానీ, రెండూ కలిపి గానీ వాడతారు.

అయితే ఒక పెద్ద తేడా ఉంది. బాయిలరుకు సూక్ష్మక్రిములతో పని లేదు, ఆ వేడికి ఏ క్రిమీ మిగలదు. క్రీము సంగతి అలా కాదు. అందులో నీరుంది, నూనె ఉంది, క్రిమికి కావలసిన మేత అంతా ఉంది. చాలాసార్లు దాన్ని గది వేడి దగ్గరే తయారుచేస్తారు, లేదా కాచి చల్లారుస్తారు. తర్వాత నెలల తరబడి సీసాలో, డబ్బాలో నిలవ ఉంటుంది. పైగా రోజూ మనం అందులో వేలు ముంచుతాం!

శుద్ధి చేసిన నీరే త్వరగా చెడుతుంది

మామూలు పాఠకుడు ఊహించని మలుపు ఇక్కడే ఉంది. మునిసిపాలిటీ నీళ్లలో క్లోరిన్ కలుపుతారు. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని ప్రమాణం చెబుతోంది. గొట్టాలలో వచ్చేటప్పుడు ఆ నీటికి కాపలాదారు అదే. ఫ్యాక్టరీలో ఇసుక వడపోత తర్వాత నీటిని బొగ్గు వడపోతలోకి పంపుతారు. మన గనుల బొగ్గు కాదు, కొబ్బరి చిప్పలు వంటివాటిని ప్రత్యేకంగా కాల్చి చేసినది. అది క్లోరిన్‌ను పీల్చేస్తుంది. లేకపోతే ఆ క్లోరిన్ ఆర్.ఓ. పొరను పాడుచేస్తుంది, క్రీము సువాసనను కూడా చెడగొడుతుంది. అంటే ఆ క్షణం నుంచి నీటికి కాపలాదారు లేడు. నీరు ఎంత శుద్ధమవుతోందో అంత నిస్సహాయమవుతోంది. ఆ బొగ్గు వడపోత, రెజిన్ పూసలు, ట్యాంకు గోడలు, ఇవే క్రిములకు ఇళ్లవుతాయి. అవి గొట్టం లోపలి గోడకు జిగటగా పొర కట్టుకుని కూర్చుంటే మందు పోసినా ఒక పట్టాన వదలవు.

‘లవణమే లేని నీటిలో క్రిమి ఏం తిని బతుకుతుంది?’ అని అడగవచ్చు. సూడోమోనాస్ అనే క్రిమి ఆసుపత్రుల స్వేదనజలంలో కూడా బతికి పెరుగుతుందని అమెరికా పరిశోధకులు 1971లో చూపించారు. దానికి నలుసంత ఆహారం చాలు. ఆరోగ్యవంతుడి చర్మం మీద పడితే ఏమీ కాకపోవచ్చు. గాయం మీద, కాలిన చోట, కంటిలో పడితే మాత్రం ప్రమాదం. కనురెప్పలకు పూసే మస్కారా కలుషితమై, దాని కుంచె కంటికి గీసుకుపోగా కంటిపాపమీద పుండ్లు పడిన సంఘటనలను 1977లో అమెరికా వైద్యులు ప్రకటించారు. స్పెయిన్‌లో 2006లో ఒక ఆసుపత్రి ఇంటెన్సివ్ కేర్ విభాగంలో రోగులకు ఇన్‌ఫెక్షన్ పాకింది. వెతకగా వెతకగా అది రోగుల ఒంటికి రాసే లోషనులో దొరికింది. ఆ క్రిమి పేరు బర్ఖోల్డేరియా సెపాసియా. సీసాలు మూత కూడా తీయకముందే కలుషితమై ఉన్నాయి.

కాబట్టి మంచి ఫ్యాక్టరీలో నీటిని శుద్ధి చేయడం సగం పనే. శుద్ధి చేసిన దాన్ని కాపాడటం మిగతా సగం. అతినీలలోహిత దీపం కింద నుంచి నీటిని పంపుతారు. 254 నానోమీటర్ల దగ్గర ఉండే ఆ కాంతి క్రిముల సంతానశక్తిని దెబ్బతీస్తుంది. ట్యాంకులో నిలవ ఉంచకుండా నీటిని గొట్టాలలో రాత్రింబవళ్లు తిప్పుతూనే ఉంటారు. కొన్నిచోట్ల 80 డిగ్రీల వేడిమీద తిప్పుతారు. వాడకంలో లేని గొట్టం ముక్క, నీరు నిలిచిపోయే మూల ఎక్కడా ఉండకూడదు. సెలవు తర్వాత ఫ్యాక్టరీ తెరిచిన రోజున నిలిచిన నీటిని పారబోసి, గొట్టాలను శుభ్రం చేసి, పరీక్ష చేసిన తర్వాతే తయారీ మొదలుపెట్టాలి. ఒక మిల్లీలీటరు నీటిలో క్రిములు 100కు మించకూడదన్న ఔషధ ప్రమాణాన్నే చాలా కంపెనీలు తమకు హద్దుగా పెట్టుకుంటాయి. తయారైన సరుకుకు కూడా అంతర్జాతీయ ప్రమాణం ఉంది. 2014లో వచ్చిన ఐ.ఎస్.ఓ. 17516 ప్రకారం మామూలు క్రీములో గ్రాముకు 1000, మూడేళ్లలోపు పిల్లలకు వాడేవాటిలోను, కంటి చుట్టూ పెట్టుకునేవాటిలోను గ్రాముకు 100 దాటకూడదు. ఇ-కోలి, సూడోమోనాస్ వంటి కొన్ని క్రిములైతే అసలు కనిపించకూడదు.

నిలిచిన నీటి విషయంలో ఇంత జాగ్రత్త చూస్తుంటే మనకు హదీసులు గుర్తుకురాక మానవు. పారని నీటిలో మూత్రవిసర్జన చేయవద్దని దైవప్రవక్త (స) వారించారు. రాత్రిపూట పాత్రలమీద మూతలు పెట్టమన్నారు. నిద్ర లేచినవారు చేతులు కడుక్కోకుండా నీటి పాత్రలో ముంచవద్దన్నారు, ఆ చేయి రాత్రి ఎక్కడెక్కడ తగిలిందో మనిషికి తెలియదు కనుక. క్రీము డబ్బాలో వేలు ముంచే మనకు ఈ చివరి మాట మరీ వర్తిస్తుంది. అలాగని హదీసులలో సూక్ష్మజీవశాస్త్రం వెతకడం మా ఉద్దేశం కాదు. అలా వెతికేవారిపట్ల మాకు కొంచెం భయం కూడా.

రెండు ప్రశ్నలు

శుచి వేరు, ఆరోగ్యానికి హాని లేకపోవడం వేరు అని ఉలమా కూడా విడదీసి చెప్పారు. సౌదీ అరేబియాలోని ప్రముఖ ఉలమా మండలి 1978లో మురుగునీటి శుద్ధి గురించి ఒక తీర్పు ఇచ్చింది. మురుగునీటిని యంత్రాలతో శుద్ధి చేసినప్పుడు రంగు, రుచి, వాసనలలో మాలిన్యం జాడ మిగలకపోతే అది మళ్లీ శుద్ధమైన నీరేనని, దానితో వుజూ, గుస్ల్ చేయవచ్చని చెప్పింది. దాన్ని తాగే విషయంలో మాత్రం ఆరోగ్యం దృష్ట్యా దూరంగా ఉండటం మేలన్నది. నీరు పాకా, కాదా అన్నది ఒక ప్రశ్న. దానివల్ల ఒంటికి హాని ఉందా, లేదా అన్నది రెండో ప్రశ్న. మొదటిదానికి కన్ను, నాలుక, ముక్కు సాక్ష్యం చాలు. రెండోదానికి ఆ సాక్ష్యం చాలదు, ప్రయోగశాల కావాలి. మన ఇళ్లలో ఈ రెండు ప్రశ్నలనూ కలిపేసి, ‘చూడటానికి తేటగా ఉంది కదా’ అని ఊరుకుంటున్నాం.

ఈ పొరపాటు పెద్ద ఫ్యాక్టరీలకంటే చిన్న ఇళ్లలో ఎక్కువ హాని చేస్తుంది. ఇప్పుడు ఎందరో ఆడపడుచులు ఇంట్లోనే సబ్బులు, షాంపూలు, కలబంద జెల్, పన్నీరు, మెహందీ కోన్లు చేసి రంజాన్‌కు, పెళ్లిళ్ల రోజుల్లో అమ్ముతున్నారు. కష్టపడి నాలుగు రాళ్లు సంపాదించే ఆ పనిని మేము గౌరవిస్తాం. అందుకే చెప్పవలసి వస్తోంది. వీధి చివర ప్లాంటునుంచి తెచ్చిన 20 లీటర్ల క్యాను నీరు జెల్‌కు సరిపోతుందనుకుంటారు. అమ్మేవాడు మీటరు ముంచి టి.డి.ఎస్. 50 అని చూపిస్తాడు. ఆ మీటరు చూపేది నీటిలో కరిగిన లవణాల లెక్క మాత్రమే. క్రిముల లెక్క దానికి తెలియదు. పైగా ఆ నీటిలో క్లోరిన్ లేదు, క్యాను ఎప్పుడు కడిగారో తెలియదు. ఇంకొందరు బ్యాటరీలలో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చి వాడతారు. అది లవణాలు లేకుండా చేసినదే గానీ చర్మానికని చేసినది కాదు, క్రిముల పరీక్ష దానికి ఉండదు. కాచి చల్లార్చిన నీరు మేలే, చాలా క్రిములు చస్తాయి. కానీ లవణాలు పోవు, మూత తీసి చల్లారబెట్టిన గంటల్లో గాలిలోని క్రిములు మళ్లీ చేరతాయి.

‘మా సరుకులో రసాయనాలు లేవు, ప్రిజర్వేటివ్ కలపలేదు’ అని గొప్పగా చెప్పుకునేవారున్నారు. నీరు కలిసిన సరుకులో ప్రిజర్వేటివ్ లేకపోవడం గొప్ప కాదు. ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లో వాడేస్తే సరే, సీసాలో పోసి నెలల తరబడి అమ్మితే అది కొనేవారికి అన్యాయం. అలాగని మురికి నీటిని ప్రిజర్వేటివ్ కాపాడుతుందనుకోవడం కూడా తప్పే. దానికీ ఒక శక్తి పరిమితి ఉంది. ఇక చట్టం మాట. 1940నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం, 2020లో వచ్చిన సౌందర్య సాధనాల నియమాల ప్రకారం అమ్మకానికి వీటిని తయారుచేసేవారు లైసెన్సు పొందాలి. రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారులు దాన్ని ఇస్తారు. ఖర్చు భరించలేనివారికి ఒక మార్గం ఉంది. లైసెన్సు ఉన్న ఫ్యాక్టరీలోనే తమ సరుకు చేయించుకునేందుకు ‘లోన్ లైసెన్సు’ అనే ఏర్పాటును చట్టమే కల్పించింది.

అంతకంటే సులువైన మార్గాన్ని మన పెద్దలు ఎప్పుడో చూపించారు. పాతకాలపు అలంకరణ సామగ్రిని ఒకసారి గుర్తుచేసుకోండి. అత్తరు నూనె. సుర్మా పొడి. మెహందీ ఎండుటాకు పొడి. కుంకుడుకాయ, శీకాయ, సున్నిపిండి అన్నీ పొడులే. వీటిలో నీరే లేదు! వాడుకునే వేళకు, వాడుకునేంత మాత్రమే నీరు కలుపుకునేవారు. నీరు లేనిచోట క్రిమి పెరగడం కష్టం. నీటిని సీసాలో బంధించి అమ్మడం మొదలైన తర్వాతే నీటి శుద్ధి ఇంత పెద్ద శాస్త్రమైంది. మూలికలకు పేరుబడ్డ రామగిరి ఖిల్లా గుట్టలు మనకు పక్కనే ఉన్నాయి. ఈ చుట్టుపక్కల చిన్న వ్యాపారం చేయాలనుకునే అక్కచెల్లెళ్లు జెల్‌లు, లోషన్ల జోలికి పోకుండా బాగా ఎండబెట్టి, జల్లించిన పొడులతో మొదలుపెడితే నీటి బెడద చాలావరకు తప్పుతుంది. లైసెన్సు నియమాలు పొడులకు కూడా ఉంటాయి, అది మరచిపోవద్దు.

పాతవాటిలో నీరున్నది పన్నీరు ఒక్కటే. అదీ మామూలు నీరు కాదు. రాగి డేగిషాలో గులాబీలు, నీరు పోసి, మూతకు మట్టి మెత్తి, ఆవిరిని వెదురు గొట్టం గుండా చల్లని భప్కాలోకి దింపే పద్ధతి కన్నౌజ్‌లో ఇప్పటికీ ఉంది. ఆవిరైన నీరు లవణాలను, క్రిములను కింద వదిలేసి వస్తుంది. స్వేదనం, పరిమళాల గురించి 9వ శతాబ్దంలోనే అల్ కిందీ ఒక గ్రంథం రాశారు. స్పెయిన్‌కు చెందిన వైద్యుడు అల్ జహ్రావీ తన మహాగ్రంథం ‘తస్రీఫ్’లో ఒక భాగాన్ని సౌందర్య సాధనాలకే కేటాయించారు. ఇప్పుడు బజారులో దొరికే చవక పన్నీరులో చాలావరకు మామూలు నీళ్లలో సెంటు కలిపినవే. సీసా మీద స్వేదనం చేసిందని రాసి ఉందా, తయారీ లైసెన్సు నంబరు ఉందా, తేదీ ఉందా చూడండి. కంట్లో చుక్కలుగా మాత్రం ఏ పన్నీరునూ వేయకండి. సుర్మా విషయంలో నీటికంటే సీసం పెద్ద సమస్య. బజారు సుర్మాలో చాలావరకు గలీనా, అంటే సీసం ఖనిజమే ఉంటుంది. పసిపిల్లల కళ్లకు అది అసలే వద్దు.

చివరిగా వంటింట్లోని ఆర్.ఓ. యంత్రం గురించి ఒక మాట. అది ఒక లీటరు మంచినీళ్లు ఇవ్వడానికి రెండు మూడు లీటర్ల ఉప్పునీళ్లు కాలువలోకి వదులుతుంది. వేసవిలో ట్యాంకర్ల కోసం ఎదురుచూసే కాలనీలలో కూడా ఈ నీళ్లు వృథాగా పోతుంటాయి. ఆ నీరు తాగడానికి పనికిరాదు, క్రీముకు అంతకంటే పనికిరాదు, బట్టలకు నురుగు కూడా సరిగా ఇవ్వదు. కానీ అందులో నజాసత్ ఏదీ కలవలేదు, ఉన్నది లవణాలు మాత్రమే. సముద్రపు నీటితో వుజూ చేయవచ్చా అని సహచరులు అడిగినప్పుడు దైవప్రవక్త (స) ఆ నీటిని శుద్ధమైనదిగానే చెప్పారు. ఆ గొట్టం కింద ఒక బకెట్టు పెట్టి, మూత వేసి ఉంచితే జుహర్ వేళకు ఇంటిల్లిపాది వుజూకు సరిపోతుంది.